ఫాస్టాగ్: లారీ ఆఫీసు లెక్కల బల్ల దగ్గర నుంచి ఒక రివ్యూ

విజయవాడ ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో నేను లెక్కలు చూస్తాను. మాకు లారీలున్నాయి, కిరాయికి తిరిగే ఎల్లో బోర్డు కార్లు కొన్ని ఉన్నాయి. అన్నిటి అద్దాల మీదా ఫాస్టాగ్, అంటే టోల్ గేటులో డబ్బు దానంతటదే కట్ అయ్యే స్టిక్కరు, ఉంది. ఫాస్టాగ్ మీద ఆన్‌లైన్లో కనిపించే రివ్యూలు చాలావరకు సొంత కారు నడుపుకునేవాళ్లు రాసినవే. గేటు వెంటనే లేచిందా, ఎంతసేపు ఆగాల్సి వచ్చింది, అక్కడితో వాళ్ల రివ్యూ అయిపోతుంది. నా దగ్గరికి వచ్చేది ఆ తర్వాతి సంగతి. ఏ గేటులో ఎంత కట్ అయింది, రానూపోనూ లెక్క సరిగ్గా పడిందా, ట్రిప్ షీటుకీ బ్యాంకు స్టేట్‌మెంటుకీ పొంతన కుదిరిందా అన్నది నేను చూసుకోవాలి. అటువైపు నుంచి చూసి ఐదుకి నాలుగు మార్కులు ఇస్తున్నాను. ఆ పోయిన ఒక్క మార్కు గురించే ఎక్కువ రాయబోతున్నాను, ఎందుకంటే ముందు ముందు గేట్లే తీసేస్తామంటున్నారు. అప్పుడు ఆ ఒక్క మార్కే అన్నిటికంటే ముఖ్యం అవుతుంది.

ట్యాగ్ రాకముందు మా ఆఫీసు ఎలా నడిచేదో తెలియనివాళ్లకి ఈ వస్తువు విలువ తెలియదు. లారీ బయల్దేరేముందు డ్రైవరు చేతికి అడ్వాన్సు ఇచ్చేవాళ్లం. డీజిల్‌కి కొంత, బత్తాకి కొంత, టోల్‌కి కొంత. తిరిగి వచ్చాక జేబులోంచి, డాష్‌బోర్డు మీంచి, సీటు కిందనుంచి స్లిప్పులు తీసి నా బల్ల మీద పెట్టేవాళ్లు. ఎండకి ఆ కాగితం మీద అక్షరాలు ఎగిరిపోయేవి. ఏ గేటో, ఎంతో కనపడదు. స్లిప్పు లేకపోతే లెక్క రాయడం కుదరదు, లెక్క రాయకపోతే ఆ డబ్బు డ్రైవరు ఖాతాలో బాకీగా నిలబడుతుంది. నిజంగా కట్టిన మనిషి కూడా దొంగలా నిలబడి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చేది. మా పెద్ద డ్రైవరు బాబాయి ఒకసారి, "అమ్మాయ్, నేను కట్టిన డబ్బుకి నేనే సాక్ష్యం తేవాలా?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. ఇప్పుడు ఆ గొడవ లేదు. స్టేట్‌మెంటులో గేటు పేరు, తేదీ, సమయం సెకన్లతో సహా పడి ఉంటాయి. ఈ ఒక్క మేలుకే నేను ఫాస్టాగ్‌కి మూడు మార్కులు ఇచ్చేస్తాను.

గేటు దగ్గర ఆగే టైము కూడా తగ్గింది. 2018-19లో టోల్ ప్లాజా దగ్గర సగటున 8 నిమిషాలు ఆగాల్సి వచ్చేదని, 2020-21 నాటికి అది 47 సెకన్లకి దిగిందని కేంద్రం చెప్పింది. సంక్రాంతికి హైదరాబాదు-విజయవాడ రోడ్డు మీద పంతంగి గేటు దగ్గర ఇరుక్కున్నవాళ్లు ఈ 47 సెకన్ల మాట నమ్మరు. అది పండగ రద్దీ. అన్ని లేన్లూ తెరిచినా ఒకే రోజు హైదరాబాదు సగం ఖాళీ అయి ఇటు వస్తుంటే ఏ ట్యాగూ ఏమీ చేయలేదు. మామూలు రోజున పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర నాలుగూ దాటి వచ్చిన డ్రైవరు ఎక్కడా హ్యాండ్‌బ్రేక్ వేయలేదని చెప్తే అందులో అతిశయోక్తి ఏమీ లేదు.

ఈ పద్ధతి ఒక్కరోజులో వచ్చింది కాదు. నందన్ నీలేకని అధ్యక్షతన ఒక కమిటీ 2010లో ఏ టెక్నాలజీ పెట్టాలో చెప్పింది. బ్యాటరీ అక్కర్లేని చౌక ఆర్‌ఎఫ్‌ఐడీ (రేడియో తరంగంతో చదివే) స్టిక్కరు చాలని వాళ్లు తేల్చారు. ఆ నిర్ణయం మీద నాకు చాలా గౌరవం. ఖరీదైన పెట్టె ఒకటి ప్రతి బండికీ బిగించాలని ఉంటే మాలాంటి చిన్న ఓనర్లు ఏళ్ల తరబడి తప్పించుకు తిరిగేవాళ్లు. ఈ స్టిక్కరులో కరెంటు ఉండదు. గేటు పైనున్న రీడరు 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య రేడియో తరంగం పంపితే ఆ తరంగంలోని శక్తితోనే చిప్ మేలుకుని తన నంబరు చెప్తుంది. అందులో డబ్బు ఉండదు, పేరు ఉండదు.  మిగతాదంతా వెనకాల బ్యాంకుల మధ్య నడుస్తుంది. 2014లో ముంబై-అహ్మదాబాద్ రోడ్డు మీద మొదలుపెట్టారు. 2017 డిసెంబరు 1 నుంచి అమ్మే ప్రతి కొత్త నాలుగు చక్రాల బండికీ ట్యాగ్ తప్పనిసరి చేశారు. 2021 ఫిబ్రవరి మధ్యలో హైవే గేట్లలో విడిగా ఉండే క్యాష్ లేన్లు ఎత్తేశారు. ఇప్పుడు ఎనిమిది కోట్ల పైచిలుకు బండ్లకి ట్యాగులున్నాయి.

ఏ బ్యాంకు ట్యాగ్ అయినా ఏ గేటులోనైనా పనిచేయడం ఇందులో అసలు గొప్పతనం. మామిడి సీజన్లో మా లారీ నున్న మార్కెట్లో లోడ్ ఎక్కించుకుని ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి పోతుంది. హైదరాబాదు రోడ్డులో గేట్లు దాటి పెద్ద అంబర్‌పేట దగ్గర ఓఆర్‌ఆర్ (హైదరాబాదు చుట్టూ ఉన్న అవుటర్ రింగ్ రోడ్డు) ఎక్కుతుంది, మేడ్చల్ దగ్గర దిగుతుంది, అక్కణ్ణుంచి 44వ నంబరు హైవే మీద ఆదిలాబాద్, నాగ్‌పూర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా. ఈ దారిలో గేట్లు నడిపే కంపెనీలు రకరకాలు. ఆ గేట్ల తరఫున డబ్బు వసూలు చేసే బ్యాంకులూ రకరకాలు. ఓఆర్‌ఆర్ అయితే జాతీయ రహదారుల సంస్థది కూడా కాదు. 158 కిలోమీటర్ల ఆ రింగు మీద లెక్కే వేరు. ఎక్కినచోట గుర్తుపెట్టుకుని, దిగినచోట దూరాన్ని బట్టి కట్ చేస్తారు. అయినా అద్దం మీద స్టిక్కరు అదే, మా వాలెట్టు అదే. ఒక బ్యాంకు కార్డుతో ఇంకో బ్యాంకు ఏటీఎంలో డబ్బు తీసినట్టే ఇదీ. మధ్యలో ఎన్‌పీసీఐ (యూపీఐ నడిపే సంస్థ) వాళ్ల స్విచ్, అంటే బ్యాంకులన్నిటినీ కలిపే కంప్యూటరు వ్యవస్థ, ఉంది. గేటు చదివిన నంబరు గేటు బ్యాంకుకి పోతుంది, అది ఎన్‌పీసీఐని అడుగుతుంది, ఈ ట్యాగ్ ఏ బ్యాంకుది, ఏ రకం బండి, బ్లాక్‌లిస్టులో ఉందా అని జవాబు వస్తుంది. తర్వాత మా బ్యాంకులోంచి డబ్బు కట్ అయి మెసేజ్ వస్తుంది.

ఆ మామిడి లారీయే ఢిల్లీ సరిహద్దు చేరాక ఇంకో పాఠం నేర్పింది. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషను 2019లో కమర్షియల్ బండ్ల కోసం తనదైన ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్ పెట్టింది. దాన్ని వేరుగా కొనాల్సి వచ్చింది, వేరుగా రీచార్జి చేయాల్సి వచ్చింది. అద్దం మీద రెండు స్టిక్కర్లు, రెండు ఖాతాలు, రెండు యాప్‌లు. దేశం మొత్తం ఒకే ట్యాగ్‌తో దాటి వచ్చి చివరి గేటు దగ్గర రెండోది చూపించాల్సి వచ్చింది. ఒక ఊరు తన లెక్క తనదే అనుకుంటే మొత్తం పథకంలో ఎంత చిక్కు వస్తుందో ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ నాకు కనపడలేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇది బాగా తెలుసు. న్యూజెర్సీలో ఈజీ-పాస్, డాలస్‌లో టోల్‌ట్యాగ్. దేశంలోని టోల్ రోడ్లన్నీ ఎలక్ట్రానిక్‌గా ఒకదానితో ఒకటి కలవాలని 2012లో అక్కడ చట్టం చేశారు, 2016 అక్టోబరు దాకా గడువు పెట్టారు. గడువు దాటిపోయింది, పని పూర్తవలేదు. అక్కడ ముందు ఎవరికి వారు కట్టుకుని, తర్వాత కలపబోయారు. మనం మొదటి నుంచే ఒక్క స్విచ్ పెట్టుకున్నాం. ఈ విషయంలో మన ప్లానింగు మెరుగని గట్టిగా చెప్తాను.

రానూపోనూ లెక్క గురించి కార్ల ఓనర్లు కూడా తెలుసుకోవాలి. జాతీయ రహదారి గేటులో 24 గంటల్లోపు తిరిగొస్తే రెండువైపులా కలిపి ఒకటిన్నర రెట్లే కట్టాలి. అంటే వెళ్లేటప్పుడు 100 కట్ అయితే వచ్చేటప్పుడు 50. 2020 ఆగస్టు నుంచి ఈ తగ్గింపు ఫాస్టాగ్ ఉన్నవాళ్లకే. ముందుగా రిటర్న్ టికెట్ తీసుకోవాల్సిన పని లేదు, సిస్టమే గుర్తుపట్టి సగం కట్ చేస్తుంది. మా కార్లు పొద్దున్నే హైదరాబాదు ఎయిర్‌పోర్టుకి పోయి రాత్రికి వచ్చేస్తాయి, కాబట్టి ప్రతి గేటులో రెండో కోత సగమే పడాలి. నేను స్టేట్‌మెంటులో మొదట చూసేది అదే. దాదాపు ఎప్పుడూ సరిగ్గానే పడుతుంది. ఎప్పుడైనా పూర్తిగా పడితే రెండు సమయాలూ చూపించి బ్యాంకుకి ఫిర్యాదు పెడతాను, తిరిగొస్తుంది. చూసుకోనివాళ్ల డబ్బు మాత్రం అలాగే పోతుంది.

లారీల్లో ఇంకో తలనొప్పి బండి రకం. 2008 టోల్ నిబంధనల్లో మూల రేటు కిలోమీటరుకి కారుకి 65 పైసలు, రెండు యాక్సిల్స్ (ఇరుసులు) ఉన్న లారీకి 2 రూపాయల 20 పైసలు, నాలుగు నుంచి ఆరు యాక్సిల్స్ బండికి 3 రూపాయల 45 పైసలు. ఏటా పెరుగుతూ వచ్చింది గానీ ఆ తేడాల నిష్పత్తి అలాగే ఉంది. ట్యాగ్ ఇచ్చేటప్పుడు బ్యాంకు ఏజెంటు బండి రకం తప్పు ఎక్కిస్తే ప్రతి గేటులో గొడవే. గేటు దగ్గర యాక్సిల్స్ లెక్కపెట్టే సెన్సరు ఒకటి చెప్తుంది, ట్యాగ్ ఇంకోటి చెప్తుంది. లారీ వెళ్లిపోయాక కూడా తేడా మొత్తం వాలెట్టులోంచి లాగేసుకోవచ్చు. అందుకే కొత్త ట్యాగ్ చేతికి రాగానే నేను ఆర్‌సీ పక్కన పెట్టుకుని, యాప్‌లో బండి నంబరు, రకం రెండూ సరిచూశాకే అద్దానికి అంటించనిస్తాను. మీరూ అలాగే చేయండి.

కారు ఉన్నవాళ్లు అడిగే యాన్యువల్ పాస్ సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అది మా బండ్లకి రాదు. 2025 ఆగస్టు 15న వచ్చినప్పుడు ధర 3,000 రూపాయలు. 200 గేట్లు దాటేదాకా గానీ, ఏడాది దాకా గానీ, ఏది ముందైతే అది. సొంత కార్లు, జీపులు, వ్యాన్లకే, ఎల్లో బోర్డుకి లేదు. హైదరాబాదు-విజయవాడ మధ్య నాలుగు గేట్లు కాబట్టి పోయి రావడానికి ఎనిమిది. తరచూ తిరిగే మా తమ్ముడికి కళ్లు మూసుకుని తీసుకోమని చెప్పాను. కానీ ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఆ పాస్ జాతీయ రహదారుల గేట్లలోనే చెల్లుతుంది. ఓఆర్‌ఆర్ మీద చెల్లదు. కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి రాష్ట్రానిది కాబట్టి దుద్దెడ, రేణికుంట గేట్లలో చెల్లదు. అక్కడ మామూలు వాలెట్టులోంచి పోతుంది, వాలెట్టులో డబ్బు ఉంచుకోవాలి. ఏ గేటు ఎవరిదో మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది? గేటుకి కిలోమీటరు ముందు పెద్ద బోర్డు మీద "ఇక్కడ పాస్ చెల్లదు" అని తెలుగులో రాస్తే చాలు. ఇంత తేలికైన పని ఎందుకు చేయరో నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు ఆ పోయిన మార్కు.

మా లారీ ఒకటి ఇంజిను పని మీద ఇక్కడే ఆటోనగర్‌లో మెకానిక్కు షెడ్డులో ఉంది. ఇంజిను దించేసి నేల మీద పెట్టారు. ఆ రాత్రి ఆ బండి నంబరు మీద వేరే రాష్ట్రంలో ఒక గేటు దాటినట్టు మెసేజ్ వచ్చింది, డబ్బు కట్ అయింది. పెద్ద మొత్తం కాదు. కానీ మెసేజ్ వెళ్లేది ఓనరుగారి ఫోనుకి. పొద్దున్నే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "బండి ఎవరు బయటికి తీశారు?" ఆ బండి డ్రైవరు అప్పుడు సెలవు మీద ఊళ్లో ఉన్నాడు. బండికి ఇంజినే లేదని చెప్పడానికి నేనూ మెకానిక్కూ కలిసి ఓనరుగారిని షెడ్డుకి తీసుకెళ్లాం. ఆయన నమ్మారు. అయినా ఆ డ్రైవరుకి ఈ సంగతి చేరింది. ఇన్నేళ్లు పనిచేసిన చోట అనుమానించారని ఎన్నాళ్లో ముభావంగా ఉన్నాడు.

తర్వాత డబ్బు కోసం నేను పెట్టిన ఫిర్యాదు కథ వినండి. ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకి రాశాను. గేటు బ్యాంకు నుంచి వివరాలు రావాలన్నారు. హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడారు, కానీ తప్పుగా కట్ అయిన డబ్బు సంగతి ట్యాగ్ ఇచ్చిన బ్యాంకే చూడాలన్నారు. గేటు ఫోను నంబరు వెతికి పట్టుకుని అడిగితే మా సిస్టమ్‌లో సరిగ్గానే ఉందన్నారు. కొన్నాళ్లకి బ్యాంకు నుంచి "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. డబ్బు రాలేదు, కారణం లేదు. మళ్లీ తెరిపించాను. మెకానిక్కు బిల్లు, ఇంజిను దించిన ఫోటో పంపి, గేటు కెమెరా తీసిన ఫోటో చూపించమని పట్టుబట్టాను. చివరికి ఆ ఫోటో వచ్చింది. అందులో ఉన్నది వేరే లారీ. నంబరులో ఒక్క అంకె తేడా. అక్కడ ట్యాగ్ చదవనప్పుడు ఎవరో చేత్తో నంబరు కొట్టి ఉంటారు. డబ్బు వెనక్కి వచ్చింది.

ఆ ఫోటో మొదటి రోజే ఉంది. గేటు కెమెరా తీసింది, గేటు కంప్యూటరులో ఉంది. మెసేజ్‌తో పాటు ఆ ఫోటో లింకు ఒకటి పంపి ఉంటే ఓనరుగారు రెండు సెకన్లలో చూసి "ఇది మన బండి కాదు" అనేవారు. డ్రైవరు మీద అనుమానం పుట్టేదే కాదు. డబ్బు తీసుకునేటప్పుడు గేటు, రెండు బ్యాంకులు, ఎన్‌పీసీఐ నలుగురూ కలిసి సెకన్లలో ఒక్కటైపోతారు. తప్పు జరిగితే మాత్రం నలుగురూ నాలుగు కౌంటర్లు. మనం ఒక్కో కౌంటరు దగ్గరా మొదటి నుంచి కథ చెప్పుకోవాలి. వసూలుని కలిపినంత శ్రద్ధగా ఫిర్యాదుని కలపలేదు. నా మార్కు పోయింది ఇక్కడే.

అద్దం పగిలిన సంగతి కూడా దీని కిందికే వస్తుంది. దారిలో రాయి తగిలి లారీ ముందు అద్దం పగిలితే డ్రైవరు దగ్గర్లో ఉన్న ఊళ్లో కొత్త అద్దం వేయించుకుంటాడు. ఊడదీస్తే ట్యాగ్ చిరిగిపోతుంది, అలా చిరిగేట్టే చేశారు, ఒకరి ట్యాగ్ ఇంకొకరు వాడకుండా. మంచిదే. కానీ బ్యాంకు కొత్త ట్యాగ్ పంపేది ఆఫీసు అడ్రసుకి. లారీ ఉన్నది ఎక్కడో దారి మధ్యలో. గేటు దగ్గర కౌంటర్లో వేరే బ్యాంకు ట్యాగ్ కొనుక్కోవచ్చు గానీ, ఒక బండికి ఒకే ట్యాగ్ అన్న నిబంధన వల్ల పాతది మూసుకుపోతుంది, పాత వాలెట్టులో ఉన్న డబ్బు తిరిగి తెచ్చుకోవడం నా పని అవుతుంది. ట్యాగ్ లేకుండా వెళ్లి క్యాష్ కడితే రెట్టింపు పడేది. 2025 నవంబరు 15 నుంచి యూపీఐ ద్వారా కడితే ఒకటింపావు రెట్లు. ఈ యూపీఐ సదుపాయం వచ్చాక నిజంగా ఊపిరి పీల్చుకున్నాం. అంతకుముందు మా ఢిల్లీ లారీ ఒకటి అద్దం పగిలిన పాపానికి గేటు గేటుకీ రెట్టింపు కట్టుకుంటూ వచ్చింది.

ఇదే భయంతో కొందరు డ్రైవర్లు ట్యాగ్ అద్దానికి అంటించకుండా చేతిలో పట్టుకుని రీడరుకి చూపిస్తారు. అలా చేయకండి. దాని మీద 2024లో రెట్టింపు రుసుము అన్నారు, 2025 జులైలో బ్లాక్‌లిస్టులోనే పెడతామన్నారు. అద్దం మధ్యలో పైభాగాన, వెనక ఏ రేకూ, ఫిల్మూ అడ్డం లేకుండా అంటించాలి.

డ్రైవర్లందరికీ నేను చెప్పే ఇంకో ముఖ్యమైన విషయం. ట్యాగ్ బాగుంది, బ్యాలెన్సు ఉంది, కానీ గేటు మెషీను పాడై చదవలేదనుకోండి. అప్పుడు డబ్బు కట్టక్కర్లేదు. 2018 మే 7న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం బండిని ఉచితంగా వదిలి, జీరో ట్రాన్సాక్షన్ రసీదు ఇవ్వాలి. ఆ నోటిఫికేషను ప్రింటు తీసి, కింద తెలుగులో రెండు లైన్లు రాసి ప్రతి బండి ఆర్‌సీ కవరులో పెట్టాను. ఆ కాగితం చూపిస్తే వాదన పెరగకుండా ఆగిన సందర్భాలున్నాయి. అయితే చదవనిది ట్యాగ్ తప్పా, మెషీను తప్పా అన్నది తేల్చే మనిషి గేటు దగ్గరి ఉద్యోగే. వెనకాల హారన్లు మోగుతుంటే డ్రైవరు ఎంతసేపని నిలబడతాడు?

రీచార్జి మాత్రం ఇప్పుడు చాలా సులువు. ఏ యూపీఐ యాప్‌లోనైనా బండి నంబరు కొడితే చాలు. మొదట్లో బ్యాలెన్సు లేని ట్యాగుల బ్లాక్‌లిస్టు గేట్లకి కాసేపటికోసారి చేరేది, రీచార్జి చేసినా గేటుకి తెలిసేసరికి ఆలస్యమయ్యేది. ఇప్పుడు చాలా మెరుగైంది. అయినా గేటు ముందు నిలబడి రీచార్జి చేసే టెన్షన్ పెట్టుకోకుండా, నేను బండి బయల్దేరేముందే వేస్తాను. నాదొక విన్నపం, మెసేజ్ ఓనరుకే కాకుండా డ్రైవరుకి కూడా వెళ్లేట్టు రెండో ఫోను నంబరు తీసుకోవాలి. బండిలో ఉన్నది డ్రైవరు. బ్యాలెన్సు ఎంతుందో తెలియాల్సింది ముందు అతనికి.

గేట్లు లేని టోల్ వస్తోంది. గుజరాత్‌లో చోర్యాసి దగ్గర, హర్యానాలో ఘరౌండా దగ్గర బారియర్లు లేని పద్ధతి పెట్టడానికి 2025 ఆగస్టులో ఒప్పందాలు చేసుకున్నారు. రోడ్డు మీద ఎత్తుగా ఒక ఇనుప చట్రం, దాని మీద రీడర్లు, కెమెరాలు. బండి ఆగదు. ట్యాగ్ చదువుతుంది, నంబరు ప్లేటు ఫోటో తీసుకుంటుంది. డబ్బు కట్ కాకపోతే తర్వాత నోటీసు వస్తుంది. శాటిలైట్‌తో కిలోమీటర్ల లెక్కన వసూలు చేసేందుకు కూడా 2024 సెప్టెంబరులోనే నిబంధనలు మార్చారు, అందులో రోజుకి 20 కిలోమీటర్ల దాకా ఉచితం. అయితే అది 2025 మే 1 నుంచి మొదలవుతుందని ప్రచారం జరిగితే అలాంటి నిర్ణయమేమీ లేదని కేంద్రమే ఖండించింది. ఎంత తిరిగితే అంతకే కట్టడం న్యాయమైన ఆలోచన. ఓఆర్‌ఆర్ మీద ఆ సుఖం చూస్తూనే ఉన్నాం.

నేను దీనికి వ్యతిరేకం కాదు. డీజిల్ మిగులుతుంది, డ్రైవర్లకి నిద్ర మిగులుతుంది. నా దిగులు నంబరు ప్లేట్ల గురించి. వానాకాలంలో మా లారీ బొగ్గు లోడ్‌కో ఇసుక లోడ్‌కో పోయి వస్తే ప్లేటు మీద బురద తప్ప ఏమీ కనపడదు. తాడు జారి పట్టా అంచు ప్లేటు మీదకి వేలాడుతుంది. ఒకే సిరీస్‌లో 3కీ 8కీ తేడా దుమ్ములో కెమెరాకి కనపడుతుందా? మనిషి చేత్తో కొడితేనే ఒక్క అంకె తప్పి మా డ్రైవరు మీదకి వచ్చింది. ఇప్పుడు గేటు ఉంది కాబట్టి ఏదైనా తేడా వస్తే అక్కడికక్కడ దిగి మాట్లాడే వీలుంది. గేటు తీసేశాక ఆ మనిషి ఉండడు, ఆ వీలు ఉండదు. తప్పు సంగతి వారానికో నెలకో నోటీసు రూపంలో తెలుస్తుంది. పైగా టోల్ బకాయి ఉన్న బండికి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఇవ్వకుండా ఆపాలని కేంద్రం 2025లోనే ప్రతిపాదన పెట్టింది. ఎఫ్‌సీ లేని లారీ రోడ్డెక్కదు. ఎక్కడో కెమెరా చేసిన తప్పుకి, ఎప్పుడూ ఆ దారి తొక్కని లారీ ఆటోనగర్‌లో నిలబడిపోతే కిస్తీలు ఆగవు, డ్రైవరు ఇంటి ఖర్చు ఆగదు.

కాబట్టి ఈ పద్ధతి పంతంగి గేటుకో పొట్టిపాడు గేటుకో వచ్చే ముందు చేయాల్సిన పనులు ఉన్నాయి. ప్రతి కోతకీ, ప్రతి నోటీసుకీ ఫోటో లింకు జతచేయాలి. ఫిర్యాదు నంబరు ఒక్కటే ఉండాలి, అదే నంబరుతో ట్యాగ్ బ్యాంకు, గేటు బ్యాంకు, రోడ్డు కంపెనీ ముగ్గురూ ఏం రాశారో నాకు కనపడాలి. "పరిష్కరించబడింది" అని మూసేసేముందు కారణం రాయాలి, నేను ఒప్పుకున్నానో లేదో అడగాలి. ఫిర్యాదు తేలేదాకా ఎఫ్‌సీ ఆపకూడదు, ఇది రూల్లోనే రాసి ఉండాలి. నోటీసు తెలుగులో ఉండాలి, ఎందుకంటే అది మొదట చదివేది నాలాంటి గుమాస్తా కాకపోవచ్చు, ఒక్క లారీ కొనుక్కుని తనే నడుపుకునే ఓనర్-డ్రైవరు కావచ్చు. అతనికి ఆఫీసు లేదు, ఫిర్యాదులు రాసిపెట్టేవాళ్లు లేరు. అతను ఢిల్లీ దారిలో ఏ దాబా దగ్గరో ఆగి ఫోనులో చూసుకున్నప్పుడు, ఆ ఫోటో తెరిచి, ఇది నా బండి కాదని ఒక్క బటన్ నొక్కి చెప్పగలగాలి. ఆ బటన్ వచ్చిన రోజు నేను ఈ రివ్యూ తెరిచి ఐదో మార్కు కూడా వేస్తాను.